సీపీ ఉన్నవాళ్లతో వ్యాయామం చేయిస్తున్నారా? బిగుసుకున్న కాలి మీద బలం చూపించకండి

ఈ మధ్య నాకు తెలిసిన ఒక ఇంట్లో పాపకు తొడ ఎముక విరిగింది. కింద పడలేదు, ఎక్కడా దెబ్బ తగల్లేదు. పాపకు సెరిబ్రల్ పాల్సీ (సీపీ), అంటే మెదడుకు జరిగిన నష్టం వల్ల కదలికల మీద అదుపు తగ్గే పరిస్థితి. నడవలేదు. సెలవుల్లో ఫిజియోథెరపీ ఆగిపోయేసరికి మోకాళ్లు బిగుసుకుపోతున్నాయని ఇంట్లోవాళ్లకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్‌లో ఏదో వీడియో పెట్టుకుని, ముడుచుకున్న మోకాలిని తిన్నగా చేద్దామని ఒకరు తొడ పట్టుకుంటే ఇంకొకరు మడమ దగ్గర కిందికి నొక్కారు. టక్కుమని చప్పుడైంది.

పాప మీద ప్రేమ లేక జరిగింది కాదిది. థెరపీకి విరామం వచ్చినప్పుడు, చలికి కండరాలు బిగిసే నెలల్లో, పిల్లలు గబగబా పొడుగు పెరిగే వయసులో ఎవరో ఒకరి ఇంట్లో ఇలాంటిదే జరుగుతుంటుంది. వ్యాయామం మంచిదని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆసుపత్రి పాలు చేసే తప్పు ఒకటుంది, దాని గురించే ఎక్కువ చెబుతాను: బిగుతు మీద బలం చూపించడం.

బిగుతు ఎందుకు లొంగదు

సీపీ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఉండేది స్పాస్టిసిటీ. కండరం మీద మెదడుకు ఉండాల్సిన అదుపు సరిగా ఉండదు, అందుకే ఎంత వేగంగా లాగితే అంత గట్టిగా అది ఎదురు తిరుగుతుంది. కారు సీటు బెల్టును గభాల్న లాగితే పట్టేస్తుంది, మెల్లగా లాగితే వస్తుంది. ఇదీ అంతే. పట్టేశాక ఇంకా బలం పెడితే ఆ బలమంతా ఎముక మీద, కీలు మీద పడుతుంది.

ఆ ఎముక ఎలా ఉందో బయటికి కనపడదు. సొంత కాళ్ల మీద బరువు మోపనివాళ్లకు ఎముకలు గట్టిపడే అవకాశమే తక్కువ. దానికి తోడు ఫిట్స్ కోసం ఏళ్ల తరబడి ఫెనిటోయిన్, ఫినోబార్బిటోన్ లాంటి మందులు వాడుతుంటే విటమిన్ డి తగ్గి ఎముక ఇంకా పలచబడుతుంది. అలాంటి ఎముక బట్టలు మార్చేటప్పుడు కాలు మెలిపడినా విరగొచ్చు. ఆపరేషన్ తర్వాత సిమెంట్ కట్టు విప్పిన మొదటి వారాలు మరీ ప్రమాదం. కట్టులో కదలకుండా ఉన్న కాలు అప్పటికి మరింత బలహీనంగా ఉంటుంది, ‘ఇన్నాళ్లూ కదల్లేదు కదా’ అని ఇంట్లోవాళ్లకు తొందర మరింత ఎక్కువగా ఉంటుంది.

ఇంకో మాట. కొన్ని నిమిషాలు సాగదీసినంత మాత్రాన కండరం శాశ్వతంగా పొడుగవదు. రోజంతా ఎలా కూర్చుంటున్నారు, ఎలా పడుకుంటున్నారు, స్ప్లింట్ (కాలిని సరైన భంగిమలో నిలిపి ఉంచే తొడుగు) ఎంతసేపు ఉంచుతున్నారు, అవి కూడా చూసుకోవాలి. కాబట్టి బలంగా నొక్కి మీరు సాధించేది ఏమీ లేదు.

పిక్క సాగదీసేటప్పుడు చేతులు ఎక్కడుండాలి

ఎక్కువమంది ఇళ్లలో చేసేది ఇదే, ఎక్కువగా తప్పు చేసేదీ ఇక్కడే. పాదం వేళ్ల దగ్గర పట్టుకుని పైకి నొక్కుతారు. పాదం పైకి లేచినట్టే కనపడుతుంది. మడమ చూడండి, అది ఉన్నచోటే ఉంటుంది. వంగింది చీలమండ కాదు, పాదం మధ్య భాగం. ఇలాగే చేస్తూ పోతే అరికాలి వంపు కూలి పాదం ఆకారమే మారుతుంది, పిక్క మాత్రం ఎప్పటిలాగే బిగుసుకుని ఉంటుంది.

మడమను అరచేతిలోకి తీసుకోండి. అరికాలు మీ ముంజేతికి ఆనాలి. రెండో చేయి మోకాలి పైన, ఊరికే ఆసరాగా. మడమను మెల్లగా కిందికి లాగుతూ, ముంజేతితో పాదాన్ని పైకి తీసుకురండి. ఎక్కడ ఆగిందో అక్కడ మీరూ ఆగండి. అర నిమిషం అలాగే ఉంచండి. కాస్త వదులైతే సరే, కాకపోతే అక్కడితో చాలు. మీ పిల్లవాడి థెరపిస్ట్ దగ్గర ఒకసారి మీ చేతులతో చేసి చూపించి, సరిగా ఉందో లేదో అడగండి. వీడియోలో కనపడే కాలు మీ పిల్లవాడిది కాదు.

తేలికగా చేయదగ్గవి

నీళ్లలో వ్యాయామం చాలామందికి పడుతుంది, శరీరం బరువు తేలికవుతుంది. నీళ్లు గోరువెచ్చగా, సుమారు 32 నుంచి 34 డిగ్రీలుండాలి. చల్లటి నీళ్లు బిగుతును పెంచుతాయి. ఫిట్స్ వచ్చేవాళ్ల పక్కన, చేయి చాస్తే అందేంత దూరంలో, ఒక మనిషి నీళ్లలోనే ఉండాలి. గట్టు మీద కూర్చుని చూడటం లెక్కలోకి రాదు. చేతులకు తొడిగే గాలి బుడగల్ని నమ్మకండి, తల నిలబెట్టలేని మనిషి వాటితోనే బోర్లా తిరిగిపోగలడు.

మూడు చక్రాల సైకిల్, కుర్చీలో కూర్చుని చేతులతో చేసేవి, పట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడం, బంతుల్ని గురి చూసి వేసే బోచా ఆట, ఏదైనా సరే. బోచా 1984 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది, వీల్‌చైర్‌లోంచే ఆడొచ్చు. బలం పెంచే వ్యాయామాలు చేస్తే బిగుతు పెరుగుతుందని పాతకాలంలో భయపడేవారు, ఆ భయం అక్కర్లేదు. మనిషి తనంతట తాను కష్టపడే వ్యాయామంలో ఎంతవరకు వెళ్లాలో ఆ శరీరమే చెబుతుంది. ఇంకొకరు లాగే వ్యాయామంలో ఆ అదుపు లాగేవాళ్ల చేతిలో ఉంటుంది. అందుకే మళ్లీ చెబుతున్నాను, బలం పెట్టకండి.

పెద్దవాళ్ల విషయంలో అలసటను బద్ధకం అనకండి. సీపీ ఉన్నవాళ్లు నడవడానికి మామూలు మనిషి కంటే రెండు మూడు రెట్లు శక్తి ఖర్చు కావచ్చు. సాయంత్రం ఇంటికి నడిచి రావాల్సిన ఓపిక ఉదయం వ్యాయామంలోనే అయిపోతే పడిపోయేది దారిలోనే.

ఇక వరసగా చెప్పేస్తాను, గుర్తుంచుకోండి.

తొడల్ని విడదీయడానికి కాళ్లను చెరో పక్కకు లాగకండి. సీపీ ఉన్న పిల్లల్లో సుమారు మూడింట ఒక వంతుకు తుంటి కీలు పక్కకు జరుగుతుంది, మొదట్లో నొప్పి కూడా ఉండకపోవచ్చు. డాక్టర్ చెప్పిన సమయానికి ఎక్స్‌రే తీయించండి.

తిన్న వెంటనే వద్దు.

చేతులు పట్టుకుని లేపకండి.

వీల్‌చైర్ బ్రేకులు వేశారా? మళ్లీ చూడండి.

ఫిట్స్ వచ్చిన రోజు వ్యాయామం లేదు.

బిగుతు తగ్గించే మందు బ్యాక్లోఫెన్ వాడుతుంటే సొంతంగా ఆపకండి. ‘వ్యాయామం చేస్తున్నాం కదా, మందెందుకు’ అనే ఆలోచన వద్దు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు.

కండరం బిగుతు తగ్గించడానికి ఇచ్చే బొటాక్స్ ఇంజెక్షన్ తర్వాత కాలు వదులుగా అనిపిస్తుంది. ఎముక మాత్రం పాతదే. బలం పెట్టకండి.

స్ప్లింట్ తీశాక చర్మం చూడండి. ఎర్రటి గుర్తు అరగంటకు కూడా పోకపోతే మళ్లీ తొడగకండి, సరిచేయించండి.

మాట రానివాళ్లు నొప్పిని మాటతో చెప్పరు. ఊపిరి బిగబడతారు, మొహం చిట్లిస్తారు, చెమట పడుతుంది, ఒళ్లు ఇంకా బిగుసుకుంటుంది. వెంటనే వదలండి. ‘కొంచెం ఓర్చుకో నాన్నా’ అనకండి.

మాట వచ్చినా రాకున్నా, కాలు పట్టుకునే ముందు చెప్పండి. హఠాత్తుగా ముట్టుకుంటే ఉలిక్కిపడి బిగుసుకుంటారు.

పెద్దయ్యాక చేతి పట్టు కొత్తగా తగ్గినా, మూత్రం అదుపు మారినా, నడక పాడైనా సీపీ ముదిరిందని ఊరుకోకండి. మెదడులో జరిగిన ఆ నష్టం వయసుతో పెరిగేది కాదు. మెడ దగ్గర వెన్నుపాము నలుగుతుండొచ్చు, ముఖ్యంగా మెడ ఆగకుండా మెలికలు తిరిగేవాళ్లలో. మెడ వ్యాయామాలు ఆపి డాక్టర్‌కు చూపించండి.

వ్యాయామం తర్వాత కాలు వాచినా, వేడిగా ఉన్నా, ముట్టుకుంటే ఏడ్చినా మసాజ్ చేయకండి, తిన్నగా చేయాలని చూడకండి. కాలు ఎలా ఉందో అలాగే దిండ్ల ఆసరా పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయమనండి. సాగదీస్తుంటే మొదలైందని దాచకుండా చెప్పండి. దాస్తే డాక్టర్లు జ్వరమనో ఇన్‌ఫెక్షన్ అనో వెతుకుతూ కూర్చుంటారు, విరిగిన కాలితో ఆ మనిషి నొప్పి పడుతూనే ఉంటారు.