బరువు తగ్గే పాఠాలు – 4: అన్నం గిన్నె, నూనె ప్యాకెట్

పోయిన పాఠంలో ఏడు రోజుల బరువు రాసుకుని సగటు తీయడం నేర్చుకున్నాం. రెండు వారాలైనా ఆ సగటు కదలలేదంటే ముందు పొయ్యి దగ్గర చూడాలి. అన్నం కంచంలోకి వచ్చాక, నూనె కూరలో కలిసిపోయాక కంటితో అంచనా కట్టడం ఎంత అనుభవమున్నవాళ్లకైనా కష్టమే. అందుకే ఈ వారం వండకముందే కొలుస్తాం. గ్రాములు చూపించే చిన్న డిజిటల్ కాటా, 5 మి.లీ. చెంచా, ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి.

ముందు బియ్యం. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలుంటాయి. ఉడికితే నీళ్లు పీల్చుకుని 280–300 గ్రాముల అన్నమవుతుంది, కేలరీలు మాత్రం పెరగవు. రైస్ కుక్కర్‌తో ఇచ్చే కప్పులో తలగొట్టి పోస్తే దాదాపు 150 గ్రాముల బియ్యం పడుతుంది. "ఒక్క కప్పేగా" అనుకున్నది 500 కేలరీలు దాటుతుంది.

నలుగురికీ ఒకే గిన్నెలో వండినప్పుడు మీ వాటా ఎలా తేల్చాలి? ఖాళీ గిన్నె బరువు ఒకసారి చూసి రాసి పెట్టుకోండి. అది 600 గ్రాములనుకుందాం. 400 గ్రాముల బియ్యం పోశారు. అన్నమయ్యాక గిన్నెతో సహా 1,750 తూగింది. అంటే అన్నం 1,150 గ్రాములు. మీకు పూటకి 70 గ్రాముల బియ్యం చాలనుకుంటే, 1,150ని 70తో హెచ్చవేసి 400తో భాగించండి. 201 వస్తుంది. మీ కంచంలోకి 200 గ్రాముల అన్నం. మూడు రోజులు ఇలా తూచి వడ్డించుకుంటే ఏ హస్తంతో ఎంత వస్తుందో చేతికే తెలిసిపోతుంది.

లెక్క తప్పేది మొదటి వడ్డనలో కాదు, మారు వడ్డనలో. పప్పుకి కొంత, చారుకి కొంత, పెరుగుకి ఇంకొంత అని మూడుసార్లు పెట్టుకుంటాం. 200 గ్రాముల్ని ముందే విడదీయండి: పప్పూకూరలకి 120, పెరుగుకి 80. చారు గ్లాసులో పోసుకుని తాగండి. తగ్గించిన అన్నం స్థానంలో ఏమీ పెట్టకపోతే సాయంత్రం నాలుగింటికి కారప్పూస డబ్బా మూత తెరుచుకుంటుంది, అది ఖాయం. అందుకే కూర 200 గ్రాములు ఉండాలి. దానితోపాటు 30 గ్రాముల కందిపప్పుతో చేసిన పప్పు గానీ, ఒకటి రెండు గుడ్లు గానీ ఉండాలి.

అన్నం మానేసి చపాతీకి మారితే చాలనుకోవడం పొరపాటు. 30 గ్రాముల పిండితో చేసిన చపాతీ నూనె లేకుండానే దాదాపు 100 కేలరీలు. కొర్రలూ జొన్నలూ కూడా బరువుకి బరువు బియ్యానికి దగ్గరగానే ఉంటాయి. పీచు వల్ల కడుపు నిండినట్టుంటుంది, నిజమే, కానీ కొలత తప్పదు.

ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు అన్నం తగ్గించేముందే డాక్టర్‌తో మాట్లాడాలి. పాత మోతాదు మీద కొత్త భోజనం చేస్తే కొందరికి షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఇక నూనె. 5 మి.లీ. చెంచాడు సుమారు 40 కేలరీలు. రోజుకి 2,000 కేలరీల భోజనానికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచన. బరువు తగ్గాలనుకునేవాళ్లకి 20 గ్రాములు పెట్టుకోమంటాం. ఇంట్లో ఎంత వాడుతున్నారో తెలియాలంటే నూనె ప్యాకెట్ కత్తిరించిన రోజే దాని మీద తేదీ రాయండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు. నలుగురున్న ఇంట్లో అది ఎనిమిది రోజులు కూడా రాకపోతే ఎక్కువే వాడుతున్నట్టు. ఆవకాయ నూనె, ఇడ్లీ పొడిలో వేసుకునే నెయ్యి ఈ లెక్కలో లేవు. వాటిని వేరే రాసుకోండి.

వేపుళ్లు మానక్కర్లేదు. అర కిలో దొండకాయలకి 60 మి.లీ. పోసే చోట 15 చాలు. పోపు వేగాక ముక్కలు, ఉప్పు వేసి మూత పెట్టి, సన్నని సెగ మీద 12 నిమిషాలు ఉంచండి. ఉప్పుకి ఊరిన నీళ్లలోనే ముక్క మగ్గుతుంది. తర్వాత మూత తీసి, సెగ పెంచి, తడి పోయేదాకా వేయించి, చివర్న కారప్పొడి చల్లండి. మెత్తబడ్డాక కూడా మూత ఉంచేస్తే ముద్దయిపోతుంది. బెండకాయకి ఈ పద్ధతి పనికిరాదు. కడిగి బాగా తుడిచి, మూత లేకుండా వేయించి, ఉప్పు చివర్న వేయాలి, లేకపోతే జిగురు.

రోజు విడిచి రోజు, కుర్చీలో కూర్చుని లేవడం పదేసి సార్లు, మూడు విడతలు చేయండి. కండని వాడకపోతే కొవ్వుతోపాటు అదీ కరుగుతుంది. వ్యాయామం గురించి వివరంగా వచ్చే పాఠంలో.

కోరుకున్న బరువుకి చేరినవాళ్లూ కాటాని అటక ఎక్కించకండి. పది కిలోలు తగ్గిన ఒంటికి మునుపటంత తిండి అక్కర్లేదు, పాత కంచానికి వెళ్తే పాత బరువే వస్తుంది. రోజు మొత్తం మీద 20 గ్రాముల బియ్యం పెంచి, రెండు వారాల సగటు చూసి, బరువు నిలకడగా ఉంటేనే ఇంకో 20 పెంచండి.

వచ్చే వారానికి మూడు అంకెలు రాసి ఉంచుకోండి: మీ గిన్నె ఖాళీ బరువు, పూటకి మీ వాటా బియ్యం, నూనె ప్యాకెట్ తెరిచిన తేదీ.