జలాంతర్గామి యుద్ధచిత్రాలను పరీక్షగా చూడటం ఎలా

చెన్నైలోని వడపళని, టీ నగర్ ప్రాంతాల తెలుగు ఇళ్లలో వారాంతపు రాత్రుల్లో నలుగురు చేరి పాత సినిమాలు చూసి, వాటి తయారీ గురించి తర్కించుకునే అలవాటు ఇప్పటికీ ఉంది. అలాంటి వారు జలాంతర్గామి చిత్రాలను వరుసగా చూడాలనుకుంటే, వాస్తవానికి దగ్గరగా ఉన్నదేదో, ఉత్త ఆర్భాటమేదో తేల్చుకోవడానికి ఏయే అంశాలను గమనించాలో ఇక్కడ వివరిస్తున్నాను. నేను పాటించే కొలమానం ఒక్కటే: లోపలి సిబ్బందికి తెలిసినంతే కెమెరాకూ తెలియాలి. యుద్ధ జలాంతర్గామికి కిటికీలు ఉండవు. నీటి అడుగున ఉన్న నావికుడికి శత్రువంటే ఒక శబ్దం, అది వచ్చే దిక్కు, దాన్నిబట్టి కట్టిన అంచనా మాత్రమే. బయటి సముద్రాన్ని ధారాళంగా చూపించే చిత్రం ఆ అంచనాలోని భయాన్ని మన దగ్గర నుంచి లాగేసుకుంటుంది.

ముందుగా గదిని సిద్ధం చేసుకోవాలి. టీవీలోనే ఉండే చిన్న స్పీకర్లు ఈ చిత్రాలకు చాలవు. విడి స్పీకర్లు గానీ మంచి హెడ్‌ఫోన్లు గానీ ఉండాలి. ఫ్యాను ఆపేయాలి. చెన్నైలో మే నెలలో ఈ మాట అంటే వచ్చినవారు లేచి వెళ్లిపోతారు కనుక డిసెంబరు, జనవరి రాత్రులను ఎంచుకోవడం మేలు. పరభాషా చిత్రమైతే డబ్బింగు జోలికి పోకుండా మూలభాషలోనే చూడండి. కెప్టెన్ ఇచ్చిన ఆజ్ఞను కింది ఉద్యోగి వెంటనే తిరిగి పలికే లయ డబ్బింగులో చెడిపోతుంది. వుల్ఫ్‌గాంగ్ పీటర్సన్ 1981లో తీసిన జర్మన్ చిత్రం ‘దాస్ బూట్’ విషయంలో మరొక ఎంపిక ఉంది. తొలి విడుదల ప్రతి దాదాపు రెండున్నర గంటలు, 1997 నాటి దర్శకుడి ప్రతి దాదాపు మూడున్నర గంటలు. ఓపిక ఉన్నా లేకపోయినా రెండోదే చూడాలి, ఎందుకంటే జలాంతర్గామి జీవితంలో ఎక్కువ భాగం ఏమీ జరగకపోవడమే.

తరువాత యంత్రం గురించి కొంత తెలిసి ఉండాలి. రెండో ప్రపంచయుద్ధ కాలపు జలాంతర్గామి నిజానికి అవసరమైనప్పుడు మునిగే ఓడ మాత్రమే. నీటి పైన డీజిల్ ఇంజన్లతో నడుస్తూ బ్యాటరీలను నింపుకుంటుంది. మునిగాక ఆ బ్యాటరీలే దిక్కు. ‘దాస్ బూట్’లో కనిపించే జర్మన్ ఏడో తరగతి సి రకం నౌక నీటి పైన 17 నాట్లకు (నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) పైగా వెళ్లగలిగేది, అడుగున ఏడున్నర నాట్లకు మించేది కాదు, అదీ కొద్దిసేపే. నాలుగు నాట్ల నిదానంలో కూడా సుమారు 80 నాటికల్ మైళ్లకు బ్యాటరీ అయిపోయేది. పైన వెంటాడే డిస్ట్రాయర్ అనే యుద్ధనౌక దీనికన్నా ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది. కాబట్టి అడుగున పారిపోవడం అన్న ప్రశ్నే లేదు, దాక్కోవడమే. గాలి గురించి, బ్యాటరీ గురించి ఒక్కసారైనా చింతించని కథ ఎంత ఉత్కంఠగా ఉన్నా దాన్ని నమ్మకండి.

ఇప్పుడు ఫోనులోని స్టాప్‌వాచ్ తీయండి. నీటిలో దూసుకెళ్లి ఓడను తాకి పేలే అప్పటి విద్యుత్ టార్పెడో వేగం దాదాపు 30 నాట్లు, అంటే సెకనుకు సుమారు 15 మీటర్లు. లక్ష్యం 1,500 మీటర్ల దూరంలో ఉంటే పేలుడుకు నూరు సెకన్లు పడుతుంది. చాలా చిత్రాలు దీన్ని పదిహేను సెకన్లలో ముగించి హర్షధ్వానాలకు దారితీస్తాయి. చేతిలో గడియారం పట్టుకుని, పెదవులు కదుపుతూ లెక్కపెట్టే మనిషి ముఖం మీద కెమెరాను నిలిపి ఉంచగల దర్శకుడికి ఈ విషయం తెలుసునని గ్రహించవచ్చు.

శబ్దం దగ్గర అన్నిటికన్నా ఎక్కువ సమయం గడపాలి. వినడం రెండు రకాలు: హైడ్రోఫోన్‌తో అవతలి ఓడ ప్రొపెల్లర్ల చప్పుడు మౌనంగా వినడం ఒకటి, శబ్దతరంగాన్ని పంపి దాని ప్రతిధ్వనిని పట్టుకోవడం రెండోది. మొదటిది జలాంతర్గామి ఆయుధం, రెండోది ప్రధానంగా వేటాడే ఓడది. ఈ రెండో పని చేసే పరికరమే సోనార్; బ్రిటిష్ ఓడల్లో దాని శబ్దకిరణం ముందుకు వాలుగా వెళ్లేది కనుక, ఓడ సరిగ్గా జలాంతర్గామి మీదికి వచ్చే ఆఖరి క్షణాల్లో దానికి లక్ష్యం కనిపించకుండా పోయేది. డెప్త్ ఛార్జ్‌లు, అంటే ఓడ నుంచి జారవిడిస్తే లోతులో పేలే బాంబులు, మునిగి లోతుకు చేరడానికి మరికొన్ని సెకన్లు. తెలివైన కెప్టెన్ ఆ గుడ్డి క్షణం కోసం వేచి ఉండి, ప్రొపెల్లర్ల చప్పుడు తల మీదికి వచ్చాకే వేగం పెంచి పక్కకు తిప్పుతాడు. తెర మీద కెప్టెన్ ఏ శబ్దం విని ఆ ఆజ్ఞ ఇచ్చాడో ప్రేక్షకుడికి వినిపించకపోతే, అది నాటకీయత కోసం అరిచిన అరుపే. డెప్త్ ఛార్జ్‌ల విషయంలో మాత్రం దాదాపు అన్ని చిత్రాలూ అతి చేస్తాయి. పక్కనే వరసగా పేలుతున్నా నౌకకు గీత పడదు. నిజానికి నౌక గోడను చీల్చాలంటే కొద్ది మీటర్ల దూరంలో పేలితే చాలు. నిజమైన హాని మెల్లగా పేరుకుంటుంది: పగిలిన దీపాలు, కారే కీళ్లు, బ్యాటరీ ఆమ్లంలో ఉప్పునీరు కలిస్తే పుట్టే క్లోరిన్ వాయువు.

కాంతి గురించి రెండు మాటలు చాలు. ఎర్ర దీపం ప్రమాద సూచన కాదు, రాత్రివేళ పైకి వెళ్లబోయేవారి కళ్లు చీకటికి అలవాటు పడేందుకు పెట్టిన ఏర్పాటు. నూటయాభై మీటర్ల లోతున నీలి వెలుగులో మెరిసే నౌక కేవలం మన సౌకర్యం కోసం.

తయారీ నేర్పుకు ‘దాస్ బూట్’ను పాఠంగా పెట్టుకోవచ్చు. ఛాయాగ్రాహకుడు యోస్ట్ వకానో, కుదుపులను అదుపు చేసే గైరోస్కోప్‌లు అమర్చిన చేతి కెమెరాతో, దెబ్బలు తగలకుండా ఒంటికి మెత్తలు కట్టుకుని, ఊగుతున్న సెట్‌లో ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తాడు. నటుల ముఖాలు పాలిపోవడానికి చిత్రీకరణ కాలమంతా వారిని ఎండ తగలకుండా లోపలే ఉంచారు. ఆ గైరోస్కోప్‌ల రొద వల్ల సెట్‌లో ధ్వనిని పట్టలేదు. మనం నిజమని వణికే ప్రతి కిర్రుమన్న చప్పుడూ తరువాత గదిలో కూర్చుని చేర్చినదే. ఒక దాడి ఘట్టాన్ని తెర వైపు చూడకుండా విని, మళ్లీ చూస్తూ వినండి. ఎంత భయం చెవి ద్వారా వచ్చిందో తేలిపోతుంది.

నా కొలమానానికి లొంగని మంచి చిత్రమూ ఉంది. డిక్ పవెల్ 1957లో తీసిన ‘ది ఎనిమీ బిలో’ పైనున్న అమెరికన్ కెప్టెన్‌నూ, కింది జర్మన్ కెప్టెన్‌నూ సమానంగా చూపిస్తుంది. రెండు పక్షాలూ మనకు తెలుసు కాబట్టి ఇక్కడి ఉత్కంఠ చదరంగపు ఉత్కంఠ; ఓడగా నటించింది కూడా అసలైన యుద్ధనౌకే. దాని తరువాతి ఏడాది రాబర్ట్ వైజ్ తీసిన ‘రన్ సైలెంట్, రన్ డీప్’లో, మూలనవల రాసిన ఎడ్వర్డ్ బీచ్ స్వయంగా జలాంతర్గామి అధికారి కావడం వల్ల, సిబ్బందితో విసుగు పుట్టేదాకా చేయించే కసరత్తు కథకు వెన్నెముక అయింది.

ఈ పాత చిత్రాల్లో బలహీనత మినియేచర్ నౌకల దగ్గర బయటపడుతుంది. నమూనా అసలులో పదహారో వంతు ఉంటే, కదలిక బరువుగా కనిపించేందుకు సెకనుకు 24కు బదులు పదహారు వర్గమూలం లెక్కన నాలుగు రెట్లు, అంటే 96 ఫ్రేములు తీయాలి. అలా తీసినా నీటి చుక్క మాత్రం చిన్నది కాదు. ముక్కు దగ్గర నురుగు ముద్దలుగా కనిపిస్తే అది తొట్టి అని తెలిసిపోతుంది. అదే 1957లో విడుదలైన ‘మాయాబజార్’ కోసం ఇక్కడి వాహినీ స్టూడియోలో కట్టిన ద్వారక నమూనా నేటికీ కన్నును మోసం చేస్తుందంటే, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే ప్రతిభతో పాటు భవనాలు కదలవన్న సౌలభ్యమూ అందులో ఉంది.

చరిత్రను విడిగా లెక్కించాలి. 2000లో వచ్చిన ‘యు-571’ శబ్దపరంగా గట్టి చిత్రమే, కానీ జర్మన్ల రహస్య సంకేతాల యంత్రం ఎనిగ్మాను అందులో అమెరికన్లు చేజిక్కించుకుంటారు; నిజానికి జర్మన్ జలాంతర్గామి యు-110 నుంచి ఆ యంత్రాన్ని 1941 మేలో చేజిక్కించుకున్నది బ్రిటిష్ నౌకాదళం. అమెరికా అప్పటికి యుద్ధంలోకే దిగలేదు. సంకల్ప్ రెడ్డి ‘ఘాజీ’ (2017) మన భాషలోది కనుక సబ్‌టైటిళ్ల బెడద లేకుండా కన్ను, చెవి రెండూ ఖాళీగా ఉంటాయి; వరుసలో మొదట దాన్నే పెట్టండి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు మొదట్లో విశాఖ తీరాన మునిగింది. భారత నౌకాదళం అది ఐఎన్‌ఎస్ రాజపుత్ డెప్త్ ఛార్జ్‌ల ఫలితమంటుంది, పాకిస్తాన్ ప్రమాదమంటుంది. రెండు జలాంతర్గాములు అడుగున తలపడటం చిత్ర కల్పన. మునిగి ఉన్న ఒకటి మునిగి ఉన్న మరొకదాన్ని యుద్ధంలో ముంచిన ఘటన 1945 ఫిబ్రవరిలో నార్వే దగ్గర బ్రిటిష్ ‘వెంచరర్’ చేసినది ఒక్కటే నమోదై ఉంది.

చివరగా, రాత్రి రైలెక్కి విశాఖ వెళ్లి, రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా నిలిపిన ఐఎన్‌ఎస్ కురుసుర లోపల నడవండి. సుమారు 91 మీటర్ల పొడవున్న ఆ సోవియట్ నౌకలో దాదాపు 75 మంది ఉండేవారు. ఒక గది నుంచి మరో గదికి పోయే గుండ్రటి ద్వారాల్లో రెండు మూడింటిని వేగంగా దాటడానికి ప్రయత్నించి, ఇంటికి వచ్చాక ఆ చిత్రాల్లోని పరుగు ఘట్టాలను మళ్లీ పెట్టుకోండి. ఏ నటుడు ద్వారం దగ్గర తల వంచడానికి ఒక్క క్షణం ఆలోచిస్తున్నాడో, ఏ నటుడు చూడకుండానే వంగి దూరిపోతున్నాడో గమనించండి.