క్రోమ్ ర్యామ్ మింగేస్తుంటే నాకు పనిచేసిన దారి

హనుమకొండలో మా జిరాక్స్ షాపు కంప్యూటర్‌కు ఉన్నదే 4 జీబీ ర్యామ్. పొద్దున బాగానే నడిచి, మధ్యాహ్నానికి ఫారం నింపుతుండగానే బిగుసుకుపోయేది. వెనక లైన్‌లో ఉన్నోళ్ల టెన్షన్ వేరే. క్రోమ్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లు (క్యాష్) తుడిచినా, వైరస్ స్కాన్ చేసినా, క్రోమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా లాభం లేదు. గూగుల్ ఖాతాతో సింక్ ఆన్‌లో ఉంటే ఎక్స్‌టెన్షన్లు (క్రోమ్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) తిరిగి వచ్చేస్తాయి మరి.

క్రోమ్‌లో ఉండగా షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కాను. దాని సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, విండోస్‌ది కాదు. 'మెమరీ ఫుట్‌ప్రింట్' అన్న తలకట్టు మీద నొక్కితే (ఒక్కోసారి రెండుసార్లు) ఎక్కువ తినేది పైకొస్తుంది. ట్యాబ్‌లు కాదు, ఒక స్క్రీన్‌షాట్ ఎక్స్‌టెన్షన్ 1 జీబీ దాటి కూర్చుంది. 'ఎండ్ ప్రాసెస్' కొడితే తగ్గి, మళ్లీ పెరిగింది. అప్పుడు ఎక్స్‌టెన్షన్ల పేజీలో దాని 'డిటెయిల్స్' తెరిచి, సైట్ యాక్సెస్‌ను 'ఆన్ క్లిక్'కు (అంటే మనం దాన్ని నొక్కినప్పుడే పేజీలోకి వచ్చేలా) మార్చి, క్రోమ్ మూసి తెరిచాను. అప్పట్నుంచి పెరగట్లేదు.

ప్రతి పేజీలో దూరే ఎక్స్‌టెన్షన్‌కే ఇది పనిచేస్తుందనుకుంటా. వెనకాల ఊరికే నడుస్తూ ర్యామ్ తినే రకమైతే తీసేయడమే.