బోరు నీళ్ల ఇంట్లో టాయ్‌లెట్ శుభ్రంగా కడగడం ఎలా

కమోడ్ లోపల పచ్చగానో గోధుమరంగులోనో ఒక వలయం కట్టి, చేతులు పడిపోయేలా తోమినా కదలడం లేదంటే అది మురికి కాదు, గార. బోరు నీళ్ల మీదే బతికే అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకి దీన్ని వేరే చోట చూసిన అలవాటే ఉంటుంది. గీజర్ కాయిల్ మీద, కుళాయి మూతి చుట్టూ, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది ఇదే. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం ఇలా రాయిలా మారతాయి. కమోడ్‌లో నీళ్లు రోజంతా నిలబడే ఉంటాయి కాబట్టి అక్కడ ఇంకా గట్టిగా పడుతుంది, దానికి మూత్రంలోని ఉప్పులు తోడై పచ్చబడుతుంది, బోరులో ఇనుము ఉంటే తుప్పు రంగు తిరుగుతుంది. గార గరుకుగా ఉంటుంది కాబట్టి పాచి, సూక్ష్మజీవులు దాన్నే పట్టుకుని కూర్చుంటాయి, వాసన కూడా అక్కణ్ణుంచే వస్తుంది.

అద్దె ఇంట్లోకి మారిన కొత్తలో నేను మూడు రోజులు సర్ఫు, బ్లీచింగ్ పౌడర్ వేసి తోమాను. తెల్లబడింది, పోయిందనుకున్నాను. వారం తిరిగేసరికి అదే చోట, అదే ఆకారంలో మళ్లీ పచ్చగా తేలింది. ఎందుకంటే బ్లీచ్ గార రంగును మాత్రమే పోగొడుతుంది, గారను కరిగించదు. గార కరగాలంటే ఆమ్లం కావాలి, ఆమ్లానికి టైమ్ కావాలి. అందుకే టాయ్‌లెట్ కడగడంలో తోమడం తక్కువ, నానబెట్టడం ఎక్కువ ఉండాలి.

మొదలుపెట్టే ముందు కిటికీ తెరిచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, కాళ్లకి జారని చెప్పులు వేసుకోండి. బకెట్లు, మగ్గులు, టూత్ బ్రష్‌లు, సబ్బులు అన్నీ బయట పెట్టేయండి, లేకపోతే తోమేటప్పుడు ఎగిరే తుంపర్లన్నీ వాటి మీదే పడతాయి.

తర్వాత చాలామంది చేయని పని ఒకటుంది, నాకైతే అన్నిటికన్నా బాగా పనికొచ్చింది అదే. కమోడ్‌లో నిలిచిన నీళ్లను తగ్గించాలి. నీళ్లు నిండుగా ఉండగా క్లీనర్ పోస్తే అది అక్కడే పలచబడిపోతుంది, గార వలయం దగ్గర దాని బలం పావు వంతు కూడా మిగలదు. గోడకున్న యాంగిల్ కాక్ (ఫ్లష్ ట్యాంకుకి నీళ్లిచ్చే చిన్న కుళాయి) కట్టేసి ఒకసారి ఫ్లష్ చేయండి, ఆ మీద బ్రష్‌తో నీళ్లను వెనక్కి, లోపలి మలుపులోకి పది పదిహేనుసార్లు గట్టిగా తోయండి. నీటిమట్టం దిగిపోయి వలయం పైకి తేలుతుంది. ఇప్పుడు క్లీనర్‌ని అంచు కింద నుంచి చుట్టూ పోసి, అది గోడల మీదుగా కిందికి జారనివ్వండి. హార్పిక్ లాంటి మామూలు టాయ్‌లెట్ క్లీనర్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడే, 20 నిమిషాలు వదిలితే చాలావరకు పని అయిపోతుంది. ఏళ్ల తరబడి పేరుకున్నదైతే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) మంచిది. నాలుగైదు చెంచాలు అర లీటరు వేడి నీళ్లలో కరిగించి రాత్రి పోసి తెల్లారే దాకా వదిలేయండి. నీళ్లు వేడిగా ఉంటే చాలు, సలసల మరిగేవి పోస్తే పింగాణీ చిట్లే ప్రమాదం ఉంది. నీటిమట్టానికి పైన ఉన్న గారకి ద్రవం అంటుకుని ఉండదు కదా, అక్కడ టిష్యూ పేపర్‌ని నిమ్మ ఉప్పు నీళ్లలో తడిపి అతికించి, తీసేటప్పుడు చెత్తబుట్టలో వేయండి. పొద్దున బ్రష్ పెడితే గార మెత్తటి సున్నంలా ఊడొస్తుంది. ఒక్కసారికి పోకపోతే మళ్లీ ఓ రాత్రి నానబెట్టండి, అంతేగాని ఇనుప పీచుతో, బ్లేడుతో గీకొద్దు. పైనున్న నునుపు పొర గీతలు పడితే తర్వాత మరక ఆ గీతల్లోనే త్వరగా పడుతుంది.

వీధుల్లో సైకిల్ మీద అమ్మే యాసిడ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అది గారను నిమిషంలో తినేస్తుంది, నిజమే. దాంతో పాటు టైల్స్ మధ్య సిమెంటునీ, కుళాయిల మెరుపునీ తింటుంది, ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అందుకే దాన్ని ఇంట్లోకి రానివ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పనమ్మాయి చేత కడిగిస్తున్నవాళ్లు ఆమె చేతికి ఆ సీసా ఇవ్వకండి, మీరు వేసుకునే గ్లౌజుల్లాంటివే ఆమెకీ ఒక జత కొనిపెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త: యాసిడ్ క్లీనర్‌నీ బ్లీచ్‌నీ ఎప్పుడూ కలపకూడదు. నేను ఒకసారి క్లీనర్ పోసి, ఇంకా బాగా తెల్లబడుతుందని పైన బ్లీచింగ్ పౌడర్ చల్లాను. ఒక్కసారిగా ఘాటు ముక్కుకి, గొంతుకి కొట్టింది, కళ్లు మండాయి, బయటికి పరిగెత్తాను, రెండు రోజులు దగ్గు వదల్లేదు. వచ్చింది క్లోరిన్ వాయువు, చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఎప్పుడైనా అలా జరిగితే ఫ్లష్ చేద్దామని లోపల నిలబడకండి, వెంటనే బయటికొచ్చి గాలి తగిలే చోట ఉండండి, ఆయాసం వస్తే ఆస్పత్రికి వెళ్లండి. సీసా రంగు చూసి కాదు, వెనక రాసింది చదివి వాడండి. సోడియం హైపోక్లోరైట్ అని ఉంటే అది బ్లీచ్, యాసిడ్ అని ఉంటే యాసిడ్. నేనైతే ఒక రోజు ఒకటే వాడతాను. గార పోయి శుభ్రంగా ఫ్లష్ చేసిన మర్నాడు, సూక్ష్మజీవుల కోసం లీటరు నీళ్లకి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరిన నీళ్లు పోసి 10 నిమిషాలు వదిలి కడుగుతాను. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకున్నప్పుడు ఇది తప్పనిసరి, మిగతా రోజుల్లో అంతగా అక్కర్లేదు. సెప్టిక్ ట్యాంక్ ఉన్నవాళ్లు బ్లీచ్ ఎంత తక్కువ వాడితే అంత మంచిది, ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా కూడా దాంతో చచ్చిపోతుంది.

క్లీనర్ నానుతున్నంతసేపు మిగతా పనులు చేసుకోవచ్చు. ఒక చిన్న అద్దం తీసుకుని అంచు కిందికి పెట్టి చూడండి. నీళ్లు వచ్చే చిన్న చిన్న రంధ్రాలు వరుసగా ఉంటాయి, మా ఇంట్లో వాటిలో సగం తెల్లటి గడ్డలతో మూసుకుపోయి, మిగతావాటి చుట్టూ నల్లటి జిగురు కట్టి ఉంది. ఫ్లష్ నీళ్లు ఒకవైపే పడుతున్నాయంటే కారణం ఇదే. నిమ్మ ఉప్పు నీళ్లతో తడిపి, పాత టూత్ బ్రష్‌తో ఒక్కో రంధ్రం చుట్టూ తిప్పి తోమండి. అంచు లోపల ఉండే ఆ నల్ల జిగురు పోయిన రోజు నుంచే వాసనలో తేడా తెలుస్తుంది.

కొత్తగా వచ్చే సీట్లు వెనక బొడిపె నొక్కితే చేతికి వచ్చేస్తాయి, పాతవాటికి కింద నట్టు తిప్పాలి. సీటు తీస్తే కీలు కింద ఏం పేరుకుందో కనిపిస్తుంది, అది సబ్బు నీళ్లకే పోతుంది. సీటు ప్లాస్టిక్ కాబట్టి గరుకు పీచు వద్దు.

కమోడ్ తళతళలాడుతున్నా బాత్రూమ్‌లో మూత్రం వాసన వస్తోందంటే కింద చూడండి. కమోడ్ నేలని తాకే చోట చుట్టూ వైట్ సిమెంటు పూసి ఉంటుంది, అది అక్కడక్కడ పగిలి చుక్కచుక్కగా పడిన మూత్రం ఆ పగుళ్లలోకి దిగుతుంది. ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇళ్లలో వెనక వైపు, గోడకీ కమోడ్‌కీ మధ్య చెయ్యి పట్టని సందులో. వంటసోడా, సబ్బు కలిపి ముద్దలా రాసి పావుగంట ఆగి బ్రష్‌తో తోమండి. సిమెంటు బాగా పోయి ఉంటే మళ్లీ పూయించడం తప్ప వేరే దారి లేదు.

ఇండియన్ టాయ్‌లెట్ అయితే నీళ్లు తోసే పని సులువు, ఒక మగ్గుతో తోడేయొచ్చు. కాళ్లు పెట్టే చోట ఉండే గాడుల్లో నల్లగా పట్టినది తోమడానికి మాత్రం ఓపిక కావాలి, బట్టలుతికే బ్రష్ బాగా పనిచేస్తుంది.

నేల మీద జాలీ ఎత్తి వెంట్రుకలు, జిగురు తీసేయండి. లోపల గిన్నెలాంటిది ఉంటే దాన్నీ తీసి కడిగి మళ్లీ పెట్టండి, ఎందుకంటే అందులో నిలిచే నీళ్లే డ్రైనేజీ వాసనని పైకి రాకుండా ఆపుతాయి. ఎవరూ వాడని గెస్ట్ బాత్రూమ్‌లో వాసన, బొద్దింకలు రావడానికి చాలాసార్లు ఆ నీళ్లు ఎండిపోవడమే కారణం, వారానికో మగ్గు నీళ్లు పోస్తే చాలు. ఫ్లష్ బటన్, జెట్ పైపు పిడి, కుళాయి, తలుపు గడియ సబ్బు గుడ్డతో తుడవడం చివర్లో, వేరే గుడ్డతో. బ్రష్‌ని తడిగా డబ్బాలో దూర్చకండి, సీటు కింద అడ్డంగా నొక్కిపెట్టి నీళ్లన్నీ కమోడ్‌లోకి కారాక పెట్టండి. ఆఖర్న వైపర్‌తో నేలంతా పొడిగా లాగండి. మా అమ్మ ఫినాయిల్ నీళ్ల తడి మీదే కాలు జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో నేల ఆరేదాకా తలుపు మూసి ఉంచండి.

ప్యాడ్లు, తడి వైప్స్, డైపర్లు కమోడ్‌లో వేయొద్దు. అవి పైపులో అడ్డుపడితే తీయడానికి ఎవరో ఒక మనిషి రావాలి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం, అయినా ఇంకా దింపుతూనే ఉన్నారు, ఊపిరాడక చనిపోతూనే ఉన్నారు. ట్యాంకు నిండితే యంత్రం ఉన్న బండినే పిలవండి.

ఇంత చేశాక కూడా నాలుగు రోజుల్లోనే కమోడ్ వెనక గోడ మీద సన్నటి నిలువు గీత మళ్లీ కనిపిస్తే తప్పు మీ కడగడంలో లేదు, ఫ్లష్ ట్యాంకులోంచి నీళ్లు కారుతున్నాయి. మూత తీసి స్వీట్లలో వాడే కేసరి రంగు చిటికెడు ట్యాంకులో వేసి, అరగంట ఎవర్నీ ఫ్లష్ చేయనివ్వకండి. కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి రబ్బరు వాషర్ మార్పించండి.