కొత్త కుందేలుని మచ్చిక చేసుకుని, దెబ్బ తగలకుండా ఎత్తుకోవడం ఎలా?

కుందేలుని తెచ్చిన రోజే ఇంటిల్లిపాదీ చేతులు మార్చుకుంటూ సెల్ఫీలు దిగేస్తారు, వారం తిరక్కముందే "అది దగ్గరికి రావట్లేదు, పట్టుకుంటే కరుస్తోంది" అని మనకి ఫోన్ చేస్తారు. మొదటి వారం ఎత్తుకోకూడదు. పిల్లలు ఏడ్చినా సరే.

సామాన్లు పెద్దగా ఏం అక్కర్లేదు. గదిలో ఓ మూల, దాక్కోడానికి రెండు పక్కలా కన్నాలు కోసిన అట్టపెట్టె, నీళ్లకి బరువైన గిన్నె (బాటిల్ వద్దు), ఎప్పుడూ అయిపోకుండా ఎండుగడ్డి. టిమోతీ హే (కుందేళ్లకి వేసే ఓ రకం ఎండుగడ్డి) ఖరీదనిపిస్తే మందులు కొట్టని చోట కోసిన గరిక కడిగి ఆరబెట్టి వెయ్యండి. క్యారెట్ ఎప్పుడైనా ఓ చిన్న ముక్క, అంతే. టైల్స్ మీద కాళ్లు జారతాయి, పాత దుప్పటి పరిచెయ్యండి.

ఇక మచ్చిక. రోజూ సాయంత్రం దాని గదిలో నేల మీద కూర్చోండి, ఫోన్ చూసుకోండి, దాని వైపు చూడకండి. అదే వస్తుంది, కాలు వాసన చూస్తుంది, ముక్కుతో పొడుస్తుంది, ఒళ్లోకి ఎక్కుతుంది, అయినా పట్టుకోవద్దు. చేతిలో కొత్తిమీర పెట్టుకోండి. నిమరాలంటే చెయ్యి పైనుంచి దించకండి, గద్ద వచ్చేదీ పైనుంచే కదా. సరిగ్గా ముక్కు ముందు ఉన్నది దానికి కనపడదు, అందుకే అక్కడ వేలు పెడితే కరుస్తుంది. పక్కనుంచి తెచ్చి నుదురు నిమరండి. వెనక కాలితో టపామని నేలని కొడితే భయపడిందని, లేచి వచ్చెయ్యండి.

అసలు సమస్య ఎత్తుకోవడం దగ్గరే. చెవులు పట్టుకుని లేపడం సంతల్లో చూసే ఉంటారు, అది చూసి నేర్చుకోకండి. చెవుల నిండా సన్నటి రక్తనాళాలు, ఒళ్లు చల్లబరుచుకునేది కూడా వాటితోనే. మెడ మీద తోలు పట్టి వేలాడదీయడం కూడా అంతే తప్పు. దాని బరువులో ఎముకలు సుమారు 8 శాతమే, వెనక కాళ్ల కండలేమో మహా బలం. కింద ఆధారం లేకుండా గాల్లో ఉన్నప్పుడు గట్టిగా తన్నిందంటే ఆ విసురుకి దాని నడుమే విరుగుతుంది, వెనక కాళ్లు పడిపోతాయి, తర్వాత ఏ డాక్టరూ పెద్దగా ఏం చెయ్యలేడు.

కాబట్టి మీరు నేల మీద కూర్చునే ఉండండి, నిలబడి అస్సలు వద్దు. ఒక చెయ్యి ముందు కాళ్ల వెనకగా ఛాతీ కింద పెట్టండి, రెండోది పిర్రల కింద, బరువంతా ఈ చేతి మీదే ఉండాలి. రెండూ ఒకేసారి లేపి వెంటనే మీ ఛాతీకి ఆనించుకోండి, నాలుగు కాళ్లూ మీ ఒంటికే తగలాలి, తల మీ మోచేతి కిందకి దూర్చుకోనివ్వండి. గింజుకుంటే గట్టిగా నొక్కకండి, పక్కటెముకలు సున్నితం, అలాగే కిందికి వంగి దించెయ్యండి.

దించేటప్పుడే ఎక్కువ ప్రమాదాలు. నేల కనపడగానే దూకేస్తుంది, అందుకే ముందు వెనక భాగం నేలకి ఆనించి, నాలుగు కాళ్లూ ఆనాకే చేతులు తియ్యండి. పంజరంలోకైతే వెనక్కి తిప్పి, పిర్రలు ముందుగా పంపండి.

వెల్లకిలా పడుకోబెడితే హాయిగా నిద్రపోతోందని వీడియోలు పెడతారు చూడండి, అది నిద్ర కాదు, భయంతో బిగుసుకుపోవడం. వేటాడే జంతువుకి చిక్కినప్పుడు కుందేలు చేసే పనే అది. గోళ్లు కత్తిరించడానికి కూడా వద్దు, టవల్ చుట్టి ఒళ్లో పెట్టుకోండి చాలు.

ఇంత జాగ్రత్త పడినా కొన్ని బెదురుతాయి. బెదిరాక 12 గంటలు ఏం తినకపోయినా, పెంటికలు వెయ్యకపోయినా రేపు చూద్దాం అనుకోవద్దు, పేగులు ఆగిపోతున్నట్టే. కుక్కలకి తప్ప కుందేళ్లకి అలవాటు లేని డాక్టర్లే ఎక్కువ, అందుకని కుందేళ్లని చూసే డాక్టరు నంబరు దాన్ని ఇంటికి తెచ్చేముందే కనుక్కుని పెట్టుకోండి.