కంప్యూటర్ రికార్డులతో మీ క్లినిక్ వైద్యం నాణ్యతను లెక్కగట్టడం ఎలా?

మీ దగ్గరికి వచ్చే బీపీ పేషెంట్లలో ఎంతమందికి బీపీ అదుపులో ఉంది? తిరుపతిలో, చిత్తూరులో ఏ క్లినిక్‌లో ఈ మాట అడిగినా “చాలామందికి బాగానే ఉందండీ” అంటారు. అంకె మాత్రం చెప్పలేరు. టేబుల్ మీద కంప్యూటర్ ఉంటుంది, అందులో కొన్నేళ్ల రికార్డులు ఉంటాయి. నిన్నటి కలెక్షన్ ఎంతో అది చిటికెలో చెబుతుంది, బీపీ సంగతి అడిగితే నోరు మెదపదు. బిల్లు కోసం కొన్న సాఫ్ట్‌వేర్‌లో బిల్లుకు పనికొచ్చే గడులనే మనం జాగ్రత్తగా నింపుతాం మరి.

ఇప్పుడు ఆ అంకె అవసరం పడుతోంది. ప్రభుత్వ ఆస్పత్రులు ఎన్‌క్వాస్ (జాతీయ నాణ్యతా ప్రమాణాలు) సర్టిఫికెట్‌కు వెళ్తే మొత్తం మీద కనీసం 70 శాతం మార్కులు రావాలి. అందులోని ఎనిమిది విభాగాల్లో చివరిది పూర్తిగా ఫలితాల గురించే. ప్రైవేటువాళ్లు ఆస్పత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్‌కు వెళ్లినా నాణ్యత సూచికలు చూపించమంటారు. ఎవరూ తనిఖీకి రాకపోయినా, తన వైద్యం పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలనుకునే డాక్టరుకు ఇది కావాల్సిందే. క్లినిక్‌నో చిన్న నర్సింగ్ హోమ్‌నో నడిపేవాళ్లు, అక్కడి సిస్టర్లు, కౌంటర్‌లో కూర్చునేవాళ్లు కలిసి చేసుకోగలిగిన పద్ధతి ఇది.

1. ముందు ఒక్క కొలత పట్టుకోండి

ఒకేసారి ఇరవై సూచికలు పెట్టుకోవద్దు. బీపీతో మొదలుపెట్టండి. ల్యాబ్ అక్కర్లేదు, పేషెంటు వచ్చిన ప్రతిసారీ కొత్త అంకె దొరుకుతుంది, గీత ఎక్కడ గీయాలన్న గొడవ లేదు. చివరిసారి వచ్చినప్పుడు పై అంకె 140 కంటే, కింది అంకె 90 కంటే తక్కువ ఉంటే అదుపులో ఉన్నట్టు. రెండూ తక్కువ ఉండాలి. 2017లో మన దేశంలో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ ఈ గీతనే వాడుతోంది. అమెరికాలో డాక్టర్ల కంప్యూటర్ రికార్డుల నుంచి నేరుగా తీసే బీపీ కొలతకూ ఇదే గీత. అక్కడ 18 నుంచి 85 ఏళ్ల వాళ్లను లెక్కలోకి తీసుకుంటారు.

షుగర్‌ను రెండో విడతకు ఉంచండి. దానికి హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చూపించే రక్త పరీక్ష కావాలి. ఆ పరీక్ష అందరూ చేయించుకోరు కాబట్టి చాలా గడులు ఖాళీగా ఉంటాయి. ఖాళీగా ఉన్నవాళ్లను ఎక్కడ వేయాలన్నది పెద్ద చిక్కు. అమెరికా పద్ధతిలోనైతే, ఏడాదిలో ఒక్క పరీక్ష కూడా లేనివాళ్లను 9 శాతం దాటినవాళ్లతో కలిపి అదుపు తప్పిన ఖాతాలోనే వేస్తారు. కఠినంగా అనిపిస్తుంది గానీ న్యాయమే.

2. హారంలో ఎవరుండాలో తేల్చుకోండి

ఏ నాణ్యత కొలతైనా చివరికి ఒక భిన్నం: పైన అదుపులో ఉన్నవాళ్లు (లవం), కింద లెక్కలోకి వచ్చేవాళ్లందరూ (హారం). లవం గురించి అందరూ ఆలోచిస్తారు, కొంప ముంచేది హారం.

తిరుపతిలో ఇది మరీ కష్టం. నడకదారిలో కొండకు వెళ్లి దిగొచ్చిన పెద్దాయన తల తిరుగుతోందని మీ దగ్గరికి వస్తారు. ఊరు ఏ సేలమో షోలాపూరో. బీపీ 160/100. నాలుగు రోజులకు మాత్రలు రాసి, ఊరెళ్లాక మీ డాక్టరుకు చూపించుకోండని చెప్పి పంపుతారు. సాఫ్ట్‌వేర్‌కు ఇవేం తెలియవు. డయాగ్నోసిస్ గడిలో బీపీ అని ఉంది కాబట్టి దాని దృష్టిలో ఆయన మీ పేషెంటే, కాకపోతే మళ్లీ ఎప్పటికీ రాని పేషెంటు. అలిపిరి వైపో బస్టాండు దగ్గరో ఉన్న క్లినిక్ అయితే ఇలాంటివాళ్లే మీ శాతాన్ని పాతాళానికి లాగేస్తారు.

పిన్‌కోడ్ చూసి వడగడదాం అనుకుంటే కుదరదు. లాడ్జి అడ్రసు రాయించేవాళ్లుంటారు. వేరే జిల్లా ఆధార్‌తో ఇక్కడి హోటళ్లలో పనిచేసేవాళ్లు, ఇక్కడే చదువుకునేవాళ్లు ఉంటారు. కౌంటర్‌లో ఒక్క ప్రశ్న చాలు: “ఇకమీద కూడా ఇక్కడికే వస్తారా అన్నా?” అవునంటే రిజిస్ట్రేషన్‌లో ఒక టిక్కు. ఆ గడి లేకపోతే సాఫ్ట్‌వేర్‌వాళ్లతో పెట్టించండి. వాళ్లు సాగదీస్తే, ఎవరూ వాడని ‘పేషెంట్ కేటగిరీ’ లాంటి గడి ఏదైనా ఉందేమో చూసి దాన్నే ఇందుకు వాడుకోండి.

చిత్తూరు వైపు చిక్కు వేరు. బీపీకీ గుండెకూ వెల్లూరు సీఎంసీలో చూపించుకుంటూ, జ్వరానికి మాత్రం మీ దగ్గరికి వచ్చేవాళ్లుంటారు. వాళ్ల బీపీ కొలవండి, రాయండి. మందులు మార్చే బాధ్యత మీది కాదు కాబట్టి హారంలో మాత్రం వేయకండి.

ఇక్కడే ఒక యావ పుడుతుంది. బీపీ తగ్గని మనిషిని చూసి “ఈయన మన పేషెంటు కాదులే” అని టిక్కు తీసేయాలనిపిస్తుంది. అందుకే టిక్కు మొదటిరోజే, బీపీ కొలవకముందే పెట్టాలి. తర్వాత తీసేస్తే కారణం రాయాలి: ఊరు మారారు, చనిపోయారు, వేరేచోట చూపించుకుంటున్నారు. ఈ మూడూ కాకుండా నాలుగో కారణం ఏదైనా కనిపిస్తే డాక్టరు ఒకసారి అడగాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. టిక్కు ఉన్న బీపీ పేషెంట్లు 400 మంది అనుకోండి. గత మూడు నెలల్లో కొత్తగా చేరినవాళ్లు 60 మంది. మందు పనిచేయడానికి టైమివ్వాలి కాబట్టి వీళ్లను పక్కన పెట్టండి. ఏడాదిగా ముఖం చూపించనివాళ్లు 40 మంది, వీళ్లను వేరే వరుసలో చూపించండి. మిగిలిన హారం 300. ఈ మూడు నెలల్లో వచ్చి, 140/90 లోపు ఉన్నవాళ్లు 150. వచ్చినా ఎక్కువే ఉన్నవాళ్లు 60. అసలు రానివాళ్లు 90. అంటే అదుపు 50 శాతం. రానివాళ్లను వదిలేసి, వచ్చిన 210 మందినే లెక్కగడితే అదే క్లినిక్‌కు 71 శాతం వస్తుంది. గోడకు అంటించడానికి ఈ రెండో అంకె ముచ్చటగా ఉంటుంది. రానివాళ్లు లెక్కలోనే లేనట్టు చూపించే అంకె అది, నమ్మకండి.

3. అంకెను అంకె గడిలోనే రాయించండి

“బీపీ 150/90, మందు మార్చాం” అని నోట్స్‌లో రాస్తే మనిషికి అర్థమవుతుంది, లెక్కకు దొరకదు. పై అంకెకు ఒక గడి, కింది అంకెకు ఒక గడి ఉండాలి, తేదీ దానంతటదే పడాలి. డయాగ్నోసిస్‌ను టైపు చేయకుండా లిస్టులోంచి ఎంచుకోవాలి. ‘హెచ్‌టీఎన్’ అని ఒకరు, ‘హై బీపీ’ అని ఇంకొకరు, ‘హైపర్‌టెన్షన్’ అని మరొకరు కొడితే కంప్యూటర్‌కు అవి మూడు వేర్వేరు జబ్బులు. జబ్బులకు అంతర్జాతీయంగా వాడే ఐసీడీ-10 కోడ్‌లలో మామూలు బీపీకి ఐ10 (I10), టైప్ 2 షుగర్‌కు ఈ11 (E11) ఉన్నాయి, లిస్టు వెనక అవి ఉంటే చాలు. జబ్బుల పేర్లకు స్నోమెడ్ సీటీ, ల్యాబ్ పరీక్షలకు లాయింక్ అనే కోడ్‌లు వాడమని కేంద్ర ఆరోగ్య శాఖ 2016 ఈహెచ్‌ఆర్ (కంప్యూటర్ వైద్య రికార్డుల) ప్రమాణాలు చెబుతున్నాయి. ఇవి మీరు బట్టీ పట్టనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు ఇవి ఉన్నాయా అని అడగండి. దాంతోపాటు “మొత్తం డేటాను ఎక్సెల్‌లోకి నాకు నేనే తీసుకోగలనా?” అని కూడా అడగండి. ఈ రెండో ప్రశ్నకు నీళ్లు నమిలితే ఆ సాఫ్ట్‌వేర్ వద్దు.

ఎక్కించే పని డాక్టరుకు అప్పగిస్తే సాగదు. బీపీ చూసే సిస్టరే, చూసిన చోటే ఎక్కించాలి. చీటీ మీద రాసుకుని సాయంత్రం అన్నీ కలిపి కొడదాం అనుకుంటే, పది గంటల చీటీ మధ్యాహ్నానికే కనిపించదు. ముందే ‘నార్మల్’ అని నింపి ఉండే గడులను తీసేయించండి. ఖాళీ గడి అబద్ధం చెప్పదు.

4. ఒక మనిషికి ఒక్క రికార్డే

ఒకసారి మునిరత్నం, ఇంకోసారి ముని రత్నం, మరోసారి ముందు ఇనీషియల్‌తో. తమిళనాడు సరిహద్దు కాబట్టి ఇంటిపేరుకు బదులు నాన్న పేరు ఇనీషియల్‌గా పెట్టుకునేవాళ్లూ ఎక్కువే. ఒకే మనిషికి మూడు రికార్డులుంటే అందులో రెండు రానివాళ్ల ఖాతాలోకి పోతాయి. ఫోన్ నంబర్‌తో వెతుకుదామంటే ఇంటిల్లిపాదికీ కొడుకు నంబరే ఉంటుంది.

ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబర్, ఆభా, ఇందుకు బాగా పనికొస్తుంది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద క్లినిక్‌ను రిజిస్టర్ చేయించుకుంటే క్యూఆర్ కోడ్ కౌంటర్‌లో పెట్టుకోవచ్చు. పేషెంటు ఫోన్‌తో స్కాన్ చేస్తే పేరు, వయసు టైపు చేయకుండానే వస్తాయి. ఆభా తీసుకోవడం పేషెంటు ఇష్టం, లేదని వైద్యం ఆపకూడదు. లేనివాళ్లకు పేరు, పుట్టిన ఏడాది, ఊరు, ఈ మూడూ వెతికాకే కొత్త రికార్డు తెరవాలన్న నియమం పెట్టండి.

బయటి ల్యాబ్ రిపోర్టులను ఫోటో తీసి అతికిస్తే సరిపోదు, అందులోని హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) అంకెలను, పరీక్ష చేసిన తేదీని గడుల్లో కొట్టాలి.

5. నెలనెలా జాబితా తీయండి, ఫోన్ చేయండి

శాతం చూసి తల ఊపితే ఎవరి బీపీ కూడా తగ్గదు. పై లెక్కలో రాని 90 మంది పేర్లు, ఎక్కువ ఉన్న 60 మంది పేర్లు వేర్వేరుగా ప్రింటు తీయండి. మొదటిది సిస్టర్‌కు, రెండోది డాక్టరుకు.

సిస్టర్ చేసే ఫోన్ ఇలా ఉంటే చాలు: “నమస్కారం అమ్మా, క్లినిక్ నుంచి సిస్టర్‌ను మాట్లాడుతున్నా. మునెమ్మగారేనా?” అవునన్నాక: “మాత్రలు అయిపోయి ఉంటాయి కదా, ఈ వారంలో ఒకసారి వచ్చి పోతారా?” ఎత్తింది పేషెంటేనని తేలకముందు జబ్బు పేరు, మందుల మాట ఎత్తకూడదు. కొడుకో పక్కింటివాళ్లో ఎత్తి ఉండొచ్చు. “బాగానే ఉందని మాత్రలు ఆపేసినా మేడమ్” అన్న జవాబుకు సిద్ధంగా ఉండండి. తిట్టొద్దు. బాగుండటం మాత్రల వల్లే అని చెప్పి తేదీ ఇవ్వండి. రాకపోవడానికి కారణాన్ని కూడా ఒక గడిలో పెట్టండి: మానేశారు, దూరం, డబ్బు, ఊళ్లో లేరు. ‘దూరం’ అన్నవాళ్లు ఎక్కువ కనిపిస్తే, బీపీ నిలకడగా ఉన్నవాళ్లకు ఒకేసారి ఎక్కువ రోజులకు మాత్రలు రాయొచ్చేమో డాక్టరు ఆలోచించాలి. పీహెచ్‌సీ అయితే ఆ పేర్లు ఆశా, ఏఎన్‌ఎంలకు ఊరివారీగా విడగొట్టి ఇవ్వండి.

రెండో జాబితా అసలైనది. వచ్చినా, బీపీ ఎక్కువున్నా, పాత చీటీలో మందులే మళ్లీ రాసినవాళ్లు అందులో ఎందరో చూడండి. అక్కడ లోపం పేషెంటుది కాదు.

గంగమ్మ జాతర రోజుల్లో, బ్రహ్మోత్సవాల్లో ఓపీ పలచబడితే కంగారు పడొద్దు. ఎప్పుడు లెక్కగట్టినా వెనక్కి మూడు నెలలు చూస్తారు కాబట్టి ఒక నెల ఒడుదొడుకు సర్దుకుంటుంది.

6. అంకెలను అనుమానించండి

జాబితా తీశాక వరసగా 130/80, 130/80, 140/90 కనిపిస్తే సంతోషించకండి. డిజిటల్ మెషీన్ 137/84 అని చూపిస్తుంది. చివరి అంకె సున్నా రావడం పదింట ఒకసారికి మించదు. అన్నీ సున్నాలే ఉన్నాయంటే మెషీన్ మూలన ఉందన్నమాట, లేదా గుండ్రం చేసి రాస్తున్నారు. 139ను 140 చేస్తే ఫలితమే మారిపోతుంది, ఎందుకంటే గీత సరిగ్గా అక్కడే ఉంది.

మెట్లెక్కి వచ్చిన మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టాకే కొలవాలి. లావు చేతికి పెద్ద కఫ్ (చేతికి చుట్టే పట్టీ) కావాలి, చిన్నది కడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. మొదటిసారి ఎక్కువ వస్తే మళ్లీ చూడండి, రెండో అంకెను కూడా ఎక్కించండి, మొదటిదాన్ని చెరపకండి. నెలకోసారి ఏవో పది కేస్ షీట్లు తీసి కంప్యూటర్‌లోని అంకెలతో పోల్చితే ఎక్కడ జారుతోందో తెలిసిపోతుంది.

నర్సింగ్ హోమ్ అయితే

ఆపరేషన్ గాయానికి ఇన్ఫెక్షన్ వచ్చిందా లేదా అన్నది డిశ్చార్జి రోజున తేలదు. 30 రోజులు చూడాలి, లోపల ప్లేటో రాడ్డో వేస్తే 90 రోజులు. డిశ్చార్జి చేసేటప్పుడే ఆ ఫోన్ తేదీని సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి. మూత్రం గొట్టం ఇన్ఫెక్షన్లను పేషెంట్ల సంఖ్యతో కాదు, గొట్టం ఉన్న రోజులతో భాగించి వెయ్యితో గుణిస్తారు. కాబట్టి గొట్టం వేసిన తేదీ, తీసిన తేదీ రెండూ పడాలి. తీసిన తేదీ మరిచిపోతే ఆ మనిషికి గొట్టం ఉన్నట్టే లెక్క పెరుగుతూ పోతుంది, మీ రేటు ఊరికే తగ్గిపోతుంది. ఓపీ వెయిటింగ్ టైమ్‌ను కౌంటర్‌లో రిజిస్టర్ అయిన టైమ్ నుంచి డాక్టరు ఫైలు తెరిచిన టైమ్ దాకా కంప్యూటరే తీసుకుంటుంది. డాక్టరు సాయంత్రం అన్ని ఫైళ్లూ ఒకేసారి తెరిచే చోట ఆ అంకెను ఎవరికీ చూపించకండి.

ఎవరి లాగిన్ వారికే

అందరికీ ఒకే పాస్‌వర్డు, అది మానిటర్ పక్కన అంటించి ఉంటే, ఎవరు ఏ అంకె మార్చారో ఎప్పటికీ తెలియదు. ఒక్కొక్కరికి విడి లాగిన్ ఇవ్వండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిధిలోకి మీ క్లినిక్ కూడా వస్తుంది. పేషెంట్ల పేర్ల జాబితాను వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, నోటీసు బోర్డు మీద శాతం ఒక్కటే ఉండాలి. ఆభా ద్వారా రికార్డు వేరే ఆస్పత్రికి వెళ్లాలన్నా పేషెంటు అనుమతి ఇవ్వాలి.

ఇక నెలకో అరగంట డాక్టరు, సిస్టర్, కౌంటర్ మనిషి కలిసి కూర్చోండి. ఒక పుస్తకంలో తేదీ, ఆ నెల శాతం, అది చూసి మార్చిన పని ఒక్కటి, దాన్ని ఎవరు చూసుకుంటారో రాసి సంతకాలు పెట్టండి. ఎన్‌క్వాస్‌వాళ్లు వచ్చినా ఎన్‌ఏబీహెచ్‌వాళ్లు వచ్చినా శాతం చూశాక “దీని మీద ఏం చేశారు?” అని అడుగుతారు. అప్పుడు ఆ పుస్తకం చూపించండి.