రాత్రి కరెంటు చౌకే, మరి బిల్లు ఎందుకు తగ్గడం లేదు?

బ్రిటన్‌లో గ్యాస్ కనెక్షన్ లేని అద్దె ఫ్లాట్‌లో దిగిన మనవాళ్లకు మొదటి చలికాలం బిల్లుతో పాటే ఎకానమీ 7 అనే మాట పరిచయమవుతుంది. 1978 నుంచి నడుస్తున్న టారిఫ్ ఇది. రాత్రిపూట ఏడు గంటలు యూనిట్ చౌక. మిగతా పదిహేడు గంటలు మామూలు టారిఫ్ కన్నా ఖరీదు. మన ఊళ్లో ఎన్ని యూనిట్లు కాలాయి, ఏ స్లాబులో పడ్డాం అన్నదే టెన్షన్. ఇక్కడ ఎన్ని గంటలకు కాలాయన్నది కూడా చూసుకోవాలి.

నేను అద్దెకున్న రెండు ఇళ్లలోనూ ఇదే టారిఫ్. బట్టలు రాత్రే ఉతికి, వంట తొందరగా ముగించి, ఏవేవో నియమాలు పెట్టుకున్నాం. బిల్లు కదల్లేదు. డబ్బు పోతున్నది మీటరు గడియారం దగ్గరా, గీజరు స్విచ్చు దగ్గరా అని తెలియడానికి ఏడాది పట్టింది. మీ ఇంట్లో కనిపించే లక్షణాన్ని బట్టి కింద వెతుక్కోండి.

అంతే కరెంటు వాడే పక్కింటివాళ్ల కన్నా మీకు ఎక్కువ బిల్లు వస్తోంది

ముందు ఈ టారిఫ్ మీకు పనికొస్తుందో లేదో చూడండి. లెక్క కోసం ఇలా అనుకుందాం: మామూలు టారిఫ్‌లో యూనిట్ 25 పెన్స్. ఎకానమీ 7లో పగలు 30, రాత్రి 15. నెలకు 300 యూనిట్లు కాలితే మామూలు టారిఫ్‌లో 75 పౌండ్లు. ఎకానమీ 7లో రాత్రి వాటా 60 యూనిట్లే అయితే 81 పౌండ్లు. 100 అయితే సరిగ్గా 75. 150 అయితే 67.50. అంటే ఈ రేట్ల ప్రకారం మూడో వంతైనా రాత్రి కాలకపోతే చౌక టారిఫ్ పేరు చెప్పి ఎక్కువ కడుతున్నట్టే. మీ బిల్లు మీదున్న రెండు రేట్లతో ఇదే లెక్క వేసుకోండి, ఐదు నిమిషాల పని.

రాత్రి చౌక కరెంటుతో వేడిని దాచుకుని పగలు వదిలే పాత స్టోరేజ్ హీటర్లను ఓనరు పీకించి, స్విచ్ వేయగానే వేడెక్కే మామూలు ప్యానెల్ హీటర్లు పెట్టించిన ఇళ్లలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. హీటర్లు మారాయి, టారిఫ్ మారలేదు. అలాంటి ఇంట్లో ఉంటే ఒకే రేటు టారిఫ్‌కు మారిపోండి. చాలా కంపెనీలు మీటరు మార్చకుండానే రెండు రీడింగులూ కలిపి ఒకే రేటు వేస్తాయి. బిల్లు మీ పేరు మీద ఉంటే టారిఫ్, కంపెనీ మార్చుకునే హక్కు అద్దెకున్న మీదే. మీటరే మార్చాల్సి వస్తే మాత్రం ఓనరుకు ముందు చెప్పాలి.

రాత్రే వాడుతున్నారు, అయినా పగటి యూనిట్లే పెరుగుతున్నాయి

నన్ను ముంచింది ఇదే. మా గీజరుకు విడిగా టైమరు ఉండేది. చౌక గంటలు రాత్రి పన్నెండున్నర నుంచి ఉదయం ఏడున్నర దాకా అని కంపెనీవాళ్లు చెప్పారు. సరే కదా అని టైమరును పన్నెండున్నర నుంచి ఒంటిగంటన్నరకు పెట్టాను. వేసవి వచ్చింది, హీటర్లు ఆపేశాం, అయినా పగటి యూనిట్లు తగ్గలేదు.

జూన్‌లో ఒక రాత్రి టార్చ్ పట్టుకుని మెట్ల కింద కబోర్డు తెరిచి కూర్చున్నాను. మీటరు మీద రెండు వరసలు. పైది ‘లో’, అంటే చౌక యూనిట్లు. కిందది ‘నార్మల్’, అంటే పగటివి. పన్నెండున్నర దాటింది, గీజరు ఆన్ అయింది, కింది వరసలో చివరి అంకె మెల్లగా తిరుగుతోంది. పై వరసలో చలనం లేదు. ఒంటిగంట అయింది, అంతే. ఒంటిగంటన్నరకు పెట్టెలో టక్‌మని చప్పుడు వినిపించింది. సరిగ్గా అప్పుడే గీజరు ఆగిపోయింది. ఆ తర్వాత ఫ్రిజ్ కాల్చే కాస్త కరెంటు మాత్రం పై వరసలోకి వెళ్లడం మొదలైంది.

కారణం చాలా చిన్నది. మార్చి చివరి ఆదివారం బ్రిటన్‌లో గడియారాలన్నీ గంట ముందుకు జరుపుతారు, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి తెస్తారు. చాలా మీటర్లు మాత్రం ఏడాదంతా గ్రీనిచ్ టైములోనే, అంటే చలికాలపు టైములోనే ఉంటాయి. కాబట్టి ఆ ఏడు నెలలూ పన్నెండున్నర–ఏడున్నర కాస్తా మన చేతి గడియారంలో ఒంటిగంటన్నర–ఎనిమిదిన్నర అవుతుంది. మూడు కిలోవాట్ల గీజరు గంటసేపు నడిస్తే మూడు యూనిట్లు. పై రేట్ల లెక్కన యూనిట్‌కు 15 పెన్స్ తేడా, రోజుకు 45 పెన్స్, నెలకు పదమూడున్నర పౌండ్లు. నీళ్లు మాత్రం శుభ్రంగా కాగాయి.

పరిష్కారం: కంపెనీ చెప్పిన గంటలు గ్రీనిచ్ టైమా, గోడ గడియారం టైమా అని సూటిగా అడగండి. చౌక గంటలు ప్రాంతాన్ని బట్టి కూడా మారతాయి కాబట్టి స్నేహితుడి ఇంటి టైము మీకు పనికిరాదు. వాళ్ల జవాబును నమ్మే ముందు ఒక రాత్రి మీరే చూడండి. కెటిల్ నిండా నీళ్లు పోసి పెట్టి, ఏ వరస కదులుతోందో గమనిస్తే చాలు. గీజరు టైమరును తెల్లవారుజామున మూడుకో నాలుగుకో పెట్టేస్తే చలికాలమైనా ఎండాకాలమైనా చౌక గంటల్లోనే పడుతుంది. పొద్దున స్నానాలకు నీళ్లు ఇంకా వేడిగా కూడా ఉంటాయి.

పాత మీటర్లకు విడి టైమ్‌స్విచ్ ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు అది వెనకబడవచ్చు. గ్రీనిచ్ టైము లెక్కకు కూడా అందని తేడా కనిపిస్తే కారణం అదే కావచ్చు. దాన్ని మీరు ముట్టుకోవద్దు, కంపెనీవాళ్లే సరిచేయాలి.

బిల్లులో రాత్రి, పగలు తారుమారుగా కనిపిస్తున్నాయి

జనవరిలో స్టోరేజ్ హీటర్లు రాత్రంతా కాలినా బిల్లులో రాత్రి యూనిట్లు పిసరంత, పగటివి కొండంత ఉన్నాయంటే రెండు రీడింగులూ ఒకదాని బదులు ఒకటి పడ్డాయన్న మాట. కొన్ని మీటర్లలో రేట్ 1 అంటే రాత్రి, కొన్నిట్లో పగలు. మీటరు మార్చినప్పుడో, కొత్తగా మీరు దిగినప్పుడో ఎవరో ఒకరు పొరపడి ఉంటారు.

రాత్రి పదకొండుకు మీటరు ఫోటో ఒకటి, పొద్దున తొమ్మిదికి ఇంకొకటి తీయండి. ఎక్కువగా పెరిగినది రాత్రి వరస. రెండు ఫోటోలూ కంపెనీకి పంపి, పాత బిల్లులన్నీ మళ్లీ లెక్క కట్టమని అడగండి. తారుమారు మీకు లాభంగా ఉన్నా చెప్పేయడమే మంచిది, ఏదో ఒక రోజు వాళ్లే పట్టుకుంటారు. కంపెనీ తప్పు వల్ల బిల్లు వేయకుండా వదిలేసిన కరెంటుకు 12 నెలల కన్నా వెనక్కి వెళ్లి వసూలు చేయకూడదన్న నిబంధన 2018 నుంచి ఉంది. ఫిర్యాదు చేసి ఎనిమిది వారాలైనా తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే స్వతంత్ర సంస్థ ఎనర్జీ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఖర్చు లేదు.

సాయంత్రానికి హీటరు చల్లబడి, ప్లగ్ హీటరు పెట్టుకోవాల్సి వస్తోంది

స్టోరేజ్ హీటరు లోపల బరువైన ఇటుకలుంటాయి. రాత్రి చౌక కరెంటుతో అవి కాగుతాయి, పగలంతా ఆ వేడిని వదులుతాయి. పైన రెండు గుబ్బలు. ‘ఇన్‌పుట్’ ఈ రాత్రి ఎంత వేడి దాచాలో చెబుతుంది. ‘అవుట్‌పుట్’ దాచింది ఎంత త్వరగా బయటికి వదలాలో చెబుతుంది. మనవాళ్లు చలేసినప్పుడు రెండూ ఆఖరుకు తిప్పేస్తారు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు వేడంతా పోతుంది, సాయంత్రం పిల్లలు వచ్చేసరికి ఇటుకలు చల్లగా ఉంటాయి. ఇక రెండు కిలోవాట్ల ఫ్యాన్ హీటరు పగటి రేటులో నాలుగు గంటలు తిరిగితే ఎనిమిది యూనిట్లు. రాత్రి మిగిల్చింది అక్కడే ఆవిరైపోతుంది.

రేపటి ఇడ్లీకి ఈ రాత్రే పిండి రుబ్బుకున్నట్టు, రేపటి చలికి ఈ రాత్రే ఇన్‌పుట్ పెంచుకోవాలి. పడుకునేటప్పుడు, ఆఫీసుకు వెళ్లేటప్పుడు అవుట్‌పుట్ కనిష్ఠానికి తిప్పండి. సాయంత్రం ఇంటికొచ్చాక పెంచండి. హీటరు అసలు వేడెక్కకపోతే పక్కనున్న గోడ స్విచ్చు చూడండి. దానికి రాత్రి మాత్రమే కరెంటొస్తుంది కాబట్టి పగలు పనిచేయట్లేదని ఎవరో ఆపేసి ఉంటారు. మా ఇంట్లో ఆ ఎవరో నేనే.

గీజరు దగ్గర ‘బూస్ట్’

ట్యాంకులో రెండు కాయిల్స్ ఉంటే కిందది రాత్రి కాగేది, పైది బూస్ట్. చుట్టాలొచ్చినప్పుడు బూస్ట్ వేసి మర్చిపోతారు, అది నెలల తరబడి పగటి రేటు తింటుంది. ఆపేయండి. నీళ్లు చాలకపోతే ట్యాంకుకు దుప్పటిలాంటి తొడుగు దొరుకుతుంది, అది వేయండి. థర్మోస్టాట్ 60 డిగ్రీల కన్నా కిందికి దించొద్దు, నిలవ నీటిలో లీజియోనెల్లా బాక్టీరియా పెరిగే ప్రమాదముంది.

హీటర్లు వేళాపాళా లేకుండా వెలుగుతున్నాయి, లేదా అసలు వెలగడం లేదు

పాత మీటర్లలో కొన్ని రేడియో సంకేతంతో మారేవి. 198 కిలోహెర్ట్జ్ లాంగ్‌వేవ్ మీద బీబీసీ రేడియో 4 ప్రసారాలతో పాటు ఆ సంకేతం కూడా వచ్చేది. 2025 జూన్ 30 నుంచి దాన్ని విడతలుగా ఆపడం మొదలుపెట్టారు. మీటరు పక్కన ‘రేడియో టెలిస్విచ్’ అని రాసిన పెట్టె ఉంటే ఇంకేమీ వెతకొద్దు, స్మార్ట్ మీటరు పెట్టమని కంపెనీకి ఫోన్ చేయండి.

వాషింగ్ మెషీన్ సంగతి

అందరూ ముందు అడిగేది ఇదే, మిగిలేది మాత్రం తక్కువ. ఒక్క విడతకు సుమారు ఒక యూనిట్, అంటే 15 పెన్స్ తేడా. అందరూ నిద్రపోతుండగా మెషీన్, డ్రయర్ నడపొద్దని లండన్ ఫైర్ బ్రిగేడ్ చెబుతుంది. కింది ఫ్లాట్‌వాళ్ల నిద్ర సంగతి సరేసరి. మా ఇంట్లోలా చౌక గంటలు ఏడున్నర దాకా ఉంటే, పొద్దున ఆరింటికి లేవగానే వేసినా చాలావరకు వాటిలోనే అయిపోతుంది. గ్రైండరు, ఫోన్ చార్జరు ఎప్పుడు పెట్టుకున్నా ఒకటే. ఎలక్ట్రిక్ కారుంటే మాత్రం దాని చార్జింగ్ ఒక్కటే ఈ లెక్కలన్నిటినీ మింగేస్తుంది, అదొక్కటి తప్పకుండా రాత్రికి పెట్టుకోండి.

ఇండియాకు తిరిగి వెళ్లేవాళ్లు ఈ అలవాటును తలకిందులు చేసుకోవాలి. 2023లో కేంద్రం సవరించిన నిబంధనల్లో టైమును బట్టి రేటు పెట్టినప్పుడు చౌకగా ఉండాల్సినవి ఎండ కాసే గంటలు. సాయంత్రం పీక్ గంటల్లో ధర ఎక్కువ.

ఇల్లు ఖాళీ చేసే రోజు తాళాలు ఇచ్చే ముందు రెండు వరసలకూ ఫోటో తీసుకోండి. ఏజెంటు ఒక్క రీడింగే రాసుకుంటాడు, అది ఏ వరసదో అతనికీ తెలియదు.